ఇరవై ఐదు డిగ్రీలు

చెంప ఛెళ్ళుమంది!

నిచ్చెన మీంచి మెకానిక్ వెల్లకిలా కింద పడ్డాడు. నోట్లో ఉప్పగా రక్తం...

"పన్నెండింటికల్లా గది చల్లబడాలన్నాను. ఇంకా ముప్పై ఎనిమిది డిగ్రీలు!"

కొట్టినవాణ్ణి అందరూ కళ్ళజోడంటారు. ఈ గంజాయి తోటకి యజమాని. తోటంటే బయట కాదు... కిటికీలు మూసేసిన ఈ గదిలో, నలభై లైట్ల కింద నాలుగు వందల మొక్కలు. అన్నీ తలలు వేలాడేస్తున్నాయి.

"అటు చూడు."

తెరిచిన తలుపు అవతల నాలుగువైపులా మూసిన వరండా. కుర్చీకి కట్టేసి ఉన్నాడు మెకానిక్ బావమరిది. ఎడమ చేతికి రక్తం గుడ్డ. పొద్దున్నే ఒక వేలు తెగింది. పక్కన కత్తితో పీపాలాంటి మనిషి. పేరూ పీపానే.

"బావా... కానియ్ బావా..."

మెకానిక్ కింద పడ్డ స్పానర్ అందుకున్నాడు. వైరింగ్ పనికి వాడు రానంటున్నా లాక్కొచ్చింది తనే. ఒంటరిగా ఇంటికెళ్తే పెళ్ళాం మొహం ఎలా చూడాలి?

నిచ్చెన ఎక్కాడు. క్లాంపు బిగించాడు. స్విచ్ నొక్కాడు.

బ్లోయర్ హోరెత్తింది! గదిలో వేడినంతా పీల్చి, వాసన పట్టేసే ఫిల్టర్ గుండా బయటికి కక్కుతోంది. ఏసీలు అందుకున్నాయి.

ముప్పై నాలుగు... ముప్పై ఒకటి...

కళ్ళజోడు వరండాలోకి వెళ్ళి పీపా చెవిలో ఏదో అన్నాడు. కానీ బయటి గాలి లోపలికొచ్చే డక్ట్ నోరు ఉన్నది వరండాలోనే. నిచ్చెన మీదున్న మెకానిక్ తల ఉన్నది ఈ చివర! మాట గొట్టంలోంచి సూటిగా చెవిలో పడింది.

"ఇరవై ఐదుకి రాగానే ఇద్దర్నీ లేపేయ్."



మెకానిక్ మీటర్ వైపు చూశాడు. ఇరవై ఎనిమిది!

ఆలోచించు... త్వరగా!

వాసన బయటికి పొక్కకూడదని కళ్ళజోడే పట్టుబట్టి ఇంత పెద్ద బ్లోయర్ పెట్టించాడు. గాలి వచ్చే దారి ఒక్కటే. దాన్ని మూసే లివర్ వరండాలో ఉంది. తలుపు వేసి అది మూస్తే, బ్లోయర్ పీల్పుకి గది తలుపుని తనలోకి లాక్కుంటుంది. లోపల్నుంచి నలుగురు నెట్టినా రాదు!

"సార్! ఆ మూల మీటర్ తేడాగా చూపిస్తోంది. మీరే చూడండి."

"నువ్వెక్కడికి?"

"లివర్ సర్దొస్తా సార్."

కళ్ళజోడు లోపలికొచ్చి మొక్కల మధ్యకి నడిచాడు. మెకానిక్ బయటికొచ్చాడు. తలుపు నెట్టాడు. లివర్ గుంజాడు.

ధబ్!

తలుపు చౌకట్టుకి అతుక్కుపోయింది.

"ఏయ్!" పీపా కత్తితో వేటేశాడు. భుజం చీలింది! మెకానిక్ స్పానర్ తిప్పాడు. దవడ విరిగిన చప్పుడు. ఇంకో దెబ్బ... కణతకి. పీపా కూలిపోయాడు.

వాడి నడుములో తుపాకీ. లాక్కున్నాడు. అదే కత్తితో తాళ్ళు కోశాడు.

లోపల్నుంచి కాళ్ళతో తన్నుతున్నాడు కళ్ళజోడు. తలుపు అంగుళం కదిలితే ఒట్టు!

"పదరా!"

బావమరిది ఎదురుగా ఉన్న వీధి తలుపు వైపు కాకుండా పక్కకి పరిగెత్తాడు. కరెంటు బోర్డు వైపు!

"వాడికి చీకటి చేస్తా బావా!"

"వద్దురా! వద్దు...!"

మెయిన్ దించేశాడు.

ఏ పనికైనా ముందు మెయిన్ దించాలి. పదేళ్ళుగా చేతికి పట్టేసిన అలవాటు. నేర్పింది బావే!

వరండా చీకటైంది. బ్లోయర్ మూలిగి... ఆగిపోయింది.

తలుపు తేలిగ్గా తెరుచుకుంది. కళ్ళజోడు తుపాకీతో బయటికొచ్చాడు.

"పారిపోరా!" మెకానిక్ వాణ్ణి ఒక్క తోపు తోసి అడ్డంగా నిలబడ్డాడు.

ఢాం!

కడుపులో నిప్పు! నేల మీద పడ్డాడు. కళ్ళజోడు అతణ్ణి దాటుకుని ముందుకు దూకాడు.

వరండా చివర వీధి తలుపు భళ్ళున తెరుచుకుంది. మిట్టమధ్యాహ్నపు ఎండ లోపలికి దూసుకొచ్చింది. ఆ వెలుగులోకి పరిగెడుతున్నాడు బావమరిది.

కళ్ళజోడు వాడి వీపుకి గురి పెట్టాడు. మెకానిక్ కళ్ళకి, ఎండకి ఎదురుగా కళ్ళజోడు... నిలువెత్తున... స్పష్టంగా!

మెకానిక్ పడుకునే రెండు చేతులా తుపాకీ ఎత్తాడు.

"మావాడి జోలికి రాకురా!"

ఢాం!!

కళ్ళజోడు బోర్లా కూలిపోయాడు.