ఐదో అంతస్తులో దగ్గు

మా సందులో మా మేడ ఐదో అంతస్తు గది మాటెత్తితే బిస్మిల్లా అనుకోనివాడు లేడు. దర్జీ మన్సూర్ ఆ గదిలోనే దగ్గి దగ్గి పోయాడు. పోయాక కూడా దగ్గుతూనే ఉన్నాడని అందరి నమ్మకం. కైరోలో ఇల్లు దొరక్క జనం ఏడుస్తుంటే, అది రెండేళ్లు ఖాళీగా పడుంది.

చివరికి ముగ్గురు ఎరిత్రియా ఆడపిల్లలు దిగారు. పెద్దది ఫియోరికి పదహారు. వెంట పెద్దదిక్కు లేకుండా సరిహద్దులు దాటొచ్చినవాళ్లు. అక్కడ దయ్యం ఉందే తల్లీ అన్నాను.

"దయ్యమేగా పిన్నీ... మగాడు కాదుగా," అంది ఫియోరి.

నేనూ సూడాన్ నుంచి ఒంటరిగా వచ్చినదాన్నే.

ఇక షాబాన్ గాడు. మా కాపలాదారు. అన్ని గదులకీ రెండో తాళంచెవి వాడి దగ్గరే. పిల్లల గది తాళం మార్చమని మేడ యజమానిని అడిగితే నవ్వి ఊరుకున్నాడు, షాబాన్‌కి బావ మరి.

ఓ రాత్రి నీళ్ల ట్యాంకు చూద్దామని పైకెళ్లాడట. రొట్టెల కొట్టు దగ్గర వాడే చెప్పాడు. ట్యాంకు చూసేవాడు చెప్పులు చేత్తో పట్టుకుని ఎందుకెక్కాడో మరి.

నాలుగో అంతస్తు దాటాడు... కరెంటు లేదు... పిల్లల తలుపు ముందు ఆగాడు...

లోపల — దగ్గు.

ముసలి దగ్గు. గొంతులో గరగరమంటూ వచ్చి... ఆగింది. వీడు ఊపిరి బిగబట్టి తలుపు మీద చెయ్యేశాడు. మళ్లీ దగ్గు — ఈసారి తలుపుకి ఆనుకునే.

చెప్పులు అక్కడే పారేసి మెట్లన్నీ దొర్లుకుంటూ దిగాడు. మూడు రోజులు జ్వరం. పీడా విరగడైందని సంబరపడ్డాను.

కానీ పిల్లల సంగతేంటి? భయమేసి పైకెళ్లాను.

"ఆ దయ్యం మిమ్మల్నేం చెయ్యట్లేదుటే?"

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. చిన్నది మెహ్రెట్‌కి పదమూడు. గొంతు పూర్తిగా పోయింది దానికి.

"మేమే, పిన్నీ," అంది గుసగుసగా. "రాత్రిని మూడు వంతులు చేసుకున్నాం. ఒకళ్లం మేలుకుని దగ్గుతాం. నడిరాత్రి వంతు నాది."

"ఎన్నాళ్ల నుంచే?"

"వచ్చినప్పట్నుంచి."

ఏడు నెలలు. ఆ రాత్రే చాప చంకన పెట్టుకుని పైకెళ్లాను. ముగ్గుర్నీ పడుకోబెట్టి తలుపు దగ్గర కూర్చున్నాను. ఒళ్లు తెలీకుండా నిద్రపోయారు. ఆ రాత్రి గదిలో దగ్గు లేదు.

తెల్లవారుజామున... మెట్ల మీద అడుగులు. మెల్లగా వచ్చి తలుపవతల ఆగాయి. ఆ రెండో తాళంచెవి కన్నంలో దూరిన చప్పుడు.

నేను దగ్గలేదు. దగ్గితే పిల్లలు లేస్తారు. లేచి నిలబడి, నేనే తలుపు తీశాను.