మోటారు షెడ్డులో నాలుగో నంబరు

తాడేపల్లిగూడెం దగ్గర ఆ కాలేజీలో పాత నీళ్ల మోటారు షెడ్డంటే పగలు కూడా చుట్టు తిరిగి పోయేవారు. ఎప్పుడో అబ్బులనే మోటారు మనిషిని లోపల పాము కరిచిందట. వానకి ఉబ్బిన తలుపు రాక, బాదీ బాదీ ప్రాణం వదిలాడట. రాత్రిళ్లు ఆ చప్పుడు విన్నవాళ్లున్నారు... వెళ్లి చూసినవాళ్లే లేరు.

రెండువేల ఏడు, వానాకాలం. కొల్లేరు పొంగిన మరుసటేడు కాలేజీలో కుర్రాళ్లతో ఎమర్జెన్సీ టీం పెట్టారు. జాహిద్ ఒకటో నంబరు, చిట్టిబాబు రెండు, తాతాజీ మూడు, ఫణికిరణ్ నాలుగు. ఎక్కడ అడుగు పెట్టాలన్నా ముందు వరసగా నంబర్లు చెప్పుకోవాలి. అదీ వాళ్ల పద్ధతి.

ఆ రాత్రి తొమ్మిదింటికి హాస్టల్ ఫోను మోగింది. జాహిద్ ఎత్తాడు.

"ఏవండీ, ఫణి నాన్నగారినండీ, సూర్యనారాయణని. సాయంత్రం బండికి వస్తానన్నాడు, ఇంకా భీమడోల్లో దిగలేదండీ. అసలే ఆయాసం మనిషి..."

జాహిద్‌కి అప్పుడు గుర్తొచ్చింది. సాయంత్రం ఆ షెడ్డులోనే డ్రిల్లు. కాళ్లూ చేతులూ విరిగినవాడి వేషం ఫణిది. బద్దలు పెట్టి, కట్లు కట్టి, స్ట్రెచర్‌కి బిగించింది తనే. ఇంతలో కుండపోత... అంతా పరుగు.

ఫోను పెట్టేసి చిట్టిబాబుని అడిగాడు. "ఫణిని నువ్వు విప్పావుగా?"

చిట్టిబాబు తెల్లబోయాడు. "నువ్వు విప్పావనుకున్నానురా!"

ముగ్గురూ టార్చి పట్టుకుని బురదలో పరుగెత్తారు. షెడ్డు ఇంకా ఇరవై గజాలుండగానే—

ధన్... ధన్... ధన్...

లోపల్నుంచి తలుపు బాదుతున్నారు!

"అబ్బులు..." తాతాజీ గొణిగాడు. "పోదాం రా, బాబూ..."

"పోతే ఫణి పోతాడు," అన్నాడు జాహిద్.

తలుపు దగ్గరికి రాగానే చప్పుడు ఆగింది. జాహిద్ లెక్క మొదలుపెట్టాడు. "ఒకటి."

"రెండు."

"మూ... మూడు."

చూరు నీళ్ల చప్పుడు. తర్వాత లోపల్నుంచి, పీలగా—

"నా...లుగు..."

ఉబ్బిన తలుపుని ముగ్గురూ భుజాలతో తోసి తెరిచారు. అవతలి గోడవార ఫణి, స్ట్రెచర్ మీద పిల్లికూతల ఊపిరితో. జాహిద్ ముడులు విప్పాడు. ఎనిమిది ముడులు... ఒక్కటీ సడల్లేదు. ఫణి జేబులోంచి ఇన్‌హేలర్ తీసి నోటికి పెట్టాడు.

కాసేపటికి ఊపిరి కుదుటపడింది.

"తలుపు కొట్టింది నువ్వేనట్రా," అన్నాడు తాతాజీ. "అబ్బులనుకుని మేం దడుసుకుని పారిపోయేవాళ్లం."

ఫణి విస్తుపోయాడు. "నేనెలా కొడతానురా, చేతులు కట్టేస్తే? బయట మీరే కొడుతున్నారనుకున్నాను..."

నలుగురూ తలుపు వైపు తిరిగారు.

ఆ తర్వాత ఆ టీం డ్రిల్లు ముగిశాక కూడా నంబర్లు చెప్పుకునేది. 'నాలుగు' అన్నాక జాహిద్ ఓ క్షణం ఆగేవాడు. ఎందుకని ఎవరూ అడిగేవారు కాదు.