అడేజ్ పెళ్ళిలో కల్లు బుర్ర

"దాహంగా ఉంది చాందినీ, తాగడానికి ఏమైనా తెచ్చిపెట్టవా?" అన్నాడు కిరీటి.

స్కార్‌బరోలో అడేజ్ పెళ్ళి. నైజీరియా నుంచి చదువుకోవడానికి వచ్చిన అడేజ్, చాందినికి క్లాస్‌మేట్. పెళ్ళికొడుకు, కిరీటి పార్ట్ టైమ్ చేసే వేర్‌హౌస్‌లో సూపర్‌వైజర్. హాలంతా డప్పులు, ఎర్రపూసలు, వెనక కూర్చున్నవాళ్ళకు ఏమీ కనబడనివ్వని తలపాగాలు.

రేపు కిరీటి కొత్త ఉద్యోగానికి, రెండు గంటల దూరంలోని కేంబ్రిడ్జ్ వెళ్ళిపోతున్నాడు. రోజూ బస్సులో అతని పక్కనే కూర్చున్నా, "వర్షం వచ్చేలా ఉంది కదండీ" తప్ప చాందిని నోట మరో మాట రాలేదు.

బల్ల మీద చెక్కుడు పని చేసిన సొరబుర్ర, నిండా తెల్లగా ఏదో ఉంది. రెండు చేతులా పట్టుకుని బయలుదేరింది.

హాలు హోరెత్తింది. తలపాగా అంకుల్స్ లేచి, "ఇటు రా, నీవాణ్ణి నేనే" అంటూ చేతులూపారు. చాందిని సిగ్గుతో పరుగులాంటి నడక నడిచి, బుర్ర కిరీటి చేతిలో పెట్టేసింది. ఈలలే ఈలలు.

"ఇదేంటో తెలుసా నీకు?"

"మజ్జిగ."

"కల్లు. వాసన రాలేదా?"

"జలుబండీ."

"వీళ్ళ ఆచారం. పెళ్ళికూతురు జనంలో వెతికి, తను కోరుకున్నవాడికి ఇస్తుంది. వాడు తాగితే పెళ్ళే."

"అయ్యో. తాగేశారా?"

"లేదులే, భయపడకు."

అడేజ్ నవ్వుతూ వచ్చింది. "చాందినీ, ప్లీజ్, అది నాది. ముందు నా పెళ్ళి కానీ."

కిరీటి చుక్క ముట్టకుండా ఇచ్చేశాడు. "తెలియక తెచ్చావు. తాగితే మోసమవుతుంది," అన్నాడు, నవ్వబోయి నవ్వలేక.

ఆ నవ్వలేకపోవడం చాందిని కంటపడింది.

అడేజ్ తనవాణ్ణి వెతికి పట్టుకుని, మోకరిల్లి బుర్ర అందించింది. అతను తాగాడు. ఇద్దరూ అడేజ్ తండ్రి ముందు వంగి దీవెన తీసుకున్నారు. అందరూ డాన్స్‌కి లేచారు.

చాందిని మాత్రం బల్ల దగ్గరికి వెళ్ళి, అక్కడున్న సీసాలోంచి కాగితం గ్లాసులో కల్లు పోసుకుంది.

మళ్ళీ అంకుల్స్ మొదలుపెట్టారు. ఈసారి ఆమె తల దించలేదు. ఒక తాతగారికైతే నవ్వుతూ కుదరదని తల ఊపింది కూడా.

కిరీటి ముందు గ్లాసు చాచింది. తొందరలో సగం అతని బూట్ల మీద ఒలికింది.

"చాందినీ, ఇప్పుడు తెలిసే తెచ్చావా?"

"తెలిసే. కేంబ్రిడ్జ్‌కి బస్సులున్నాయట, ఆదివారాలు వస్తాను. ముందు తాగండి, అందరూ చూస్తున్నారు."

కిరీటి గ్లాసు అడుగు కనిపించేదాకా తాగాడు.

అడేజ్ నాన్నగారు కుర్చీలోంచే వాళ్ళిద్దర్నీ చెయ్యూపి పిలిచారు. "రండి, మిమ్మల్నీ దీవించేస్తాను. మీ నాన్నలకు ఫోన్ మాత్రం మీరే చేసుకోవాలి."