మట్టి కింది మాట

నాటకం చూడ్డానికి వచ్చినవాళ్ళకి నేను కనబడను. వేదిక ముందంచున నేలలోకి దించిన చెక్కగూడు నాది. మెడదాకా నేలకింద ఉంటాను, తల ఒక్కటే పైకి, జనం వైపు చెక్క మరుగు. ఎదురుగా చిన్న దీపం, చేతిలో నాటకం ప్రతి. నటుడు మాట మరిచిపోతే గుసగుసగా అందించాలి. పారిస్‌లో, పిగాల్ దగ్గర మా థియేటర్‌లో ఏళ్ళ తరబడి అదే నా పని. ఆ గూట్లో ఎప్పుడూ చలే. ఎప్పుడూ దుమ్ము, జిగురు, పాత తెరల వాసన.

నా తమ్ముడు ఫిర్మిన్ నాటకాలు రాసేవాడు. యుద్ధం నుంచి బతికొచ్చాక మొదట హాస్యనాటకాలు పట్టుకున్నాడు. మొదటిది వారం కూడా ఆడలేదు. రెండోదానికి జనం నవ్వారు గానీ, ఏడవాల్సిన చోట నవ్వారు. "నువ్వు మాట్లాడితేనే నయంరా, రాస్తే నవ్వు రాదు," అన్నాను. వాడూ నవ్వాడు.

మూడోది యుద్ధం మీద రాశాడు. ఫిరంగి గుండు పడి కందకంలోని గది కూలిపోతుంది. ఇద్దరు స్నేహితులు మట్టికింద చిక్కుకుంటారు. "నువ్వెళ్ళు. మా అమ్మకి చెప్పు," అని ఒకడు రెండోవాణ్ణి పంపేసి ప్రాణం విడుస్తాడు. ఆ మాట దగ్గర హాలు హాలంతా ఏడ్చేది. నల్లబట్టల తల్లులు వచ్చి ఫిర్మిన్ చేతులు ముద్దుపెట్టుకునేవారు. ఒక్క చలికాలంలో వాడు పేరున్నవాడైపోయాడు. పత్రికల్లో ఫొటోలు, పెద్దింటి విందులు, పక్కన ఎవరో ఒక అందగత్తె.

తర్వాత రాసినవేవీ నిలబడలేదు. ఇక తాగడం మొదలుపెట్టాడు. పంతొమ్మిది వందల ముప్ఫై ఒకటి చలికాలంలో థియేటర్ యజమాని ఆ పాత నాటకాన్నే మళ్ళీ ఎత్తుకున్నాడు. ఫిర్మిన్ వద్దనలేకపోయాడు. ఇంకో నాటకం తన చేత కాదని వాడికి అప్పటికే తెలిసిపోయింది.

అది ఆదివారం మధ్యాహ్నం ఆట. బయట వాన. తడికోట్లతో హాలు నిండిపోయింది. చనిపోయే సైనికుడి వేషం అర్మాన్‌ది. మాట మరిచిపోయే మనిషి కాడు. రంగేసిన గోనెగుడ్డలతో చేసిన మట్టికుప్ప కింద, తల బయటపెట్టి పడుకుని ఉన్నాడు. ఆ మాట చెప్పే ఘట్టం వచ్చింది.

అర్మాన్ ఆగిపోయాడు.

"నువ్వెళ్ళు..." అని నేను అందించాను.

వినలేదు. వాడి కళ్ళు నా మీద లేవు. నా గూటికింద ఎక్కడో ఉన్నాయి. అప్పుడు వినిపించింది... నా పాదాల కింద పలకల్లోంచి. పొడిగా, నోటినిండా ఏదో కుక్కినట్టు.

"చెయ్యి వదలకు..."

అర్మాన్ దాన్నే పైకి అన్నాడు. "చెయ్యి వదలకు, ఫిర్మిన్."

హాల్లో ఎవరో వెక్కివెక్కి ఏడ్చారు. తెర పడింది. దీపం దించి చూశాను. ఉత్త పలకలు. కానీ తడిమట్టి వాసన... ముక్కు బద్దలయ్యేలా.

విరామంలో అర్మాన్ నా దగ్గరకొచ్చాడు. "ఏంటి క్లోతిల్ద్ గారూ, చెప్పాపెట్టకుండా కొత్త మాటలా? ఆ మగ గొంతేంటి?" నవ్వబోయాడు.

ఫిర్మిన్ నన్ను పక్కతెర వెనక్కి లాక్కెళ్ళాడు. తాగి లేడు. మొహం సున్నంలా ఉంది.

"ఆ మాట ఎవరందించారక్కా?"

"నేను కాదురా."

"అది నేను రాయలేదు. ఎవరికీ చెప్పలేదు. అది తిబో మాట."

తిబో నాకు తెలుసు. మా వీధివాడే. ఇద్దరూ ఒకే రోజు సైన్యంలో చేరారు.

"వాడి ఒళ్ళంతా మట్టిలో ఉండిపోయింది," అన్నాడు ఫిర్మిన్. "చెయ్యి ఒక్కటే బయట. పట్టుకుని కూచున్నా. పైన వెలుతురు కనబడింది... వదిలేశా."

"మరి నిన్ను వెళ్ళమని వాడే..."

"అనలేదక్కా. నేనే రోజూ వాడిచేత అనిపించా. జనం చప్పట్లు కొట్టేదాకా అనిపించా."

"ఆట ఆపించెయ్యరా. నీకు దణ్ణం పెడతా."

వాడు నా చెంప నిమిరాడు. గంట మోగింది.

రెండో అంకంలో సైనికులు తవ్వడానికి వస్తారు. మట్టికుప్ప వేదిక మధ్యలోనే ఉంటుంది. లోపల ఎవరూ ఉండరు. అర్మాన్ పక్కతెర దగ్గర ఫిర్మిన్ పక్కనే నిలబడి ఉన్నాడు. నా గూట్లోంచి ఇద్దరూ కనబడుతున్నారు.

గోనెగుడ్డ కదిలింది.

మెల్లగా... ఒక వేలు. తర్వాత ఇంకోటి. తర్వాత చెయ్యంతా. బూడిదరంగు చెయ్యి. గోళ్ళు లేవు. అది గాల్లో తడుముకుంటోంది.

పారలు పట్టుకున్న నటులు రాళ్ళలా నిలబడిపోయారు.

ఫిర్మిన్ వేదిక మీదికి నడిచాడు. మేలైన నల్లసూటుతో, ఆ రంగుల మట్టిలోకి. నేను అరవాలి. నోరు తెరిచాను. ఇన్నేళ్ళుగా గుసగుసకే అలవాటుపడ్డ గొంతు... గుసగుసే వచ్చింది.

"వద్దురా... ఫిర్మిన్, వద్దు..."

వాడు మోకాళ్ళ మీద కూచున్నాడు. పసిపిల్లాడితో చెప్పినట్టు అన్నాడు.

"వచ్చానురా. ఈసారి వదల్ను."

చెయ్యి పట్టుకున్నాడు.

దీపాలన్నీ ఆరిపోయాయి. చీకట్లో ఏదో ఈడుస్తున్న చప్పుడు... ఆగి, మళ్ళీ. దీపాలు వెలిగేసరికి నా తమ్ముడు బోర్లా పడి ఉన్నాడు. భుజం దాకా చెయ్యి గోనెగుడ్డల కింద ఉంది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది.

అర్మాన్ గుడ్డలు లాగి పారేశాడు. కింద చెక్కనేల. ఒక్క సందు కూడా లేదు.

గుండె ఆగిందన్నాడు డాక్టరు. సాయంత్రం శవాన్ని ఇంటికి తెచ్చాం. శవాలకి స్నానం చేయించే ముసలమ్మ వచ్చింది. మణికట్టు చుట్టూ నల్లగా వేళ్ళ గుర్తులు చూసి, కడిగి, తెల్లచొక్కా తొడిగింది.

మర్నాడు పెట్టెలో పెట్టేముందు చొక్కా సర్దబోయి ఆగిపోయింది. "అమ్మా, ఇటు చూడు," అంది. మణికట్టు తెల్లగా ఉంది. వేళ్ళ గుర్తులు మోచేతి దగ్గరున్నాయి.

పెట్టె రోజంతా చర్చిలో ఉంచారు. పూడ్చడానికి తీసుకెళ్ళేముందు ఆమె నా చెవిలో అడిగింది.

"చొక్కా భుజం దాకా ఒకసారి ఎత్తి చూద్దామా?"

వద్దన్నాను.