కమిలిన రాయి

సముద్రం పక్కన రాతి అక్షరాలు ముప్పై ఏళ్లకు మించి బతకవు. ఉప్పుగాలి ముందు రంగును తింటుంది, తర్వాత అంచులను తింటుంది. ఆ తర్వాత పేర్లలో సున్నాలూ ఒత్తులూ రాలిపోయి, చచ్చినవాడు ఎవరి కొడుకో పోల్చుకోలేని స్థితి వస్తుంది. అప్పుడు నన్ను పిలుస్తారు. రాళ్లమీద పేర్లు చెక్కడం మా నాన్న పని, ఆయన పోయాక నా పని. ఊళ్లో నన్ను సుత్తక్క అంటారు. చేతిలో సుత్తి ఉంటుందని కొందరు, నోట్లో ఉంటుందని కొందరు. రెండూ నిజమే కాబట్టి నేను పట్టించుకోను.

హార్బరు చివర, శ్మశానం గోడకు ఆనుకుని యుద్ధ స్మారకం ఉంది. మనిషికంటే ఎత్తయిన నల్లరాయి. యుద్ధం రోజుల్లో సైన్యానికి సరుకు మోసే మా ఊరి ఓడ ఒకటి బాంబు పడి, ఒడ్డు కనిపించేంత దూరంలోనే మునిగిపోయింది. అందులో పోయిన ముప్పై ఒక్కమంది పేర్లు ఆ రాతిమీద ఉన్నాయి. అన్నిటికంటే పైన, మిగతావాటికి రెండింతల అక్షరాలతో కెప్టెన్ పేరు. ఆయన శవం దొరకలేదు. అయినా గోడ లోపల లంగరు బొమ్మ పెట్టి ఆయనకో ఖాళీ సమాధి కట్టారు. చచ్చినవాడి కళ్లు చారెడు అని ఊరికే అనలేదు పెద్దలు.

పదిహేడో పేరుకూ పద్దెనిమిదో పేరుకూ మధ్య ఒక వరుస ఖాళీగా ఉంటుంది. అక్కడ మా తాత పేరు ఉండేది. అమ్మవాళ్ల నాన్న. ఆ ఓడలో ఇంజను మనిషి.

ఓడ మునిగిన మర్నాడు పొద్దున ఒడ్డుకు కొట్టుకొచ్చినవి రెండే. ఓడకున్న ఒకే ఒక్క లైఫ్‌బోటు, దాని పక్కనే మా తాత శవం. అందరినీ వదిలేసి లైఫ్‌బోటు తీసుకుని పారిపోబోయాడని కెప్టెన్ తాలూకువాళ్లు అన్నారు. నిప్పు లేనిదే పొగ రాదని ఊరు అంది. శవాన్ని గోడ బయట పూడ్చారు. కొన్నేళ్లకు స్మారకం కట్టినప్పుడు, సైన్యం పంపిన జాబితాలో ఉందని తాత పేరు కూడా చెక్కేశారు. తెర తీసే ముందురోజు ఎవరో చూసి గోల చేస్తే ఆ పేరును అరగదీయించారు. అరగదీసింది, అప్పుడే పని నేర్చుకుంటున్న మా నాన్న. తర్వాత కొన్నేళ్లకు ఆ ఇంటి పిల్లనే పెళ్లి చేసుకున్నాడు. అమ్మ ఆ సంగతి ఆయన పోయేదాకా మరవనివ్వలేదు. ఆయన ఏది బాగాలేదన్నా, "నచ్చకపోతే అరగదీసెయ్యండి, మీకు అలవాటేగా" అనేది.

అమ్మకు అప్పుడు ఆరేళ్లు. శవాన్ని చూసింది.

"పది వేళ్లూ విరిగిపోయాయే" అంటుంది ఇప్పటికీ. "పారిపోయేవాడు లైఫ్‌బోటులో కూర్చుంటాడుగాని అంచు పట్టుకుని వేలాడతాడా? లోపల కూర్చున్నవాడెవడో తెడ్డుతో వేళ్లమీద కొట్టాడు."

ఎనభై దాటినా ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతు వణకదు.

ఈ ఏడాది వార్షికోత్సవానికి పేర్లన్నీ బాగుచేయమని కమిటీ ప్రెసిడెంటు కబురు పెట్టాడు. ఆయన కెప్టెన్ కొడుకు. అమ్మకంటే రెండేళ్లు పెద్ద. చేతికర్రతో రాతిని చూపిస్తూ, "ఉన్నవాటికి పదును పెట్టి రంగు నింపమ్మా. లేనివాటి జోలికి పోకు" అన్నాడు. నేను తాత మాటే ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆయనే ఎత్తాడు.

పనికి బయల్దేరుతుంటే అమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది. ఆమె కళ్లు రోజురోజుకూ మసకబారుతున్నాయి. ఏడాది తిరిగేసరికి పూర్తిగా పోతాయని డాక్టరు చెప్పేశాడు.

"నాన్న పేరు నేను చదవాలే" అంది. "తడిమి కాదు. చూసి."

"చెక్కుతానమ్మా."

"మళ్లీ అరగదీయిస్తారు."

"మళ్లీ చెక్కుతా. రాయి అరగాలిగాని నా చెయ్యి అరగదు."

మొదటి రెండు రోజులూ బుద్ధిగా ప్రెసిడెంటు చెప్పిన పనే చేశాను. మూడో రోజు మధ్యాహ్నం, అందరూ భోజనాలకు పోయాక, రాయి చుట్టూ టార్పాలిన్ కట్టుకుని లోపల స్టూలు వేసుకున్నాను. ఎవరైనా అడిగితే రంగుమీద దుమ్ము పడకుండా అని చెబుదామనుకున్నాను.

మూడు దాటాక సముద్రం మీదనుంచి పొగమంచు వచ్చింది. మాకు అది కొత్త కాదు. కాని ఎప్పుడూ గాలితోపాటు వచ్చేది, ఆ రోజు గాలి లేకుండా వచ్చింది. టార్పాలిన్ సందులోంచి చూస్తుండగానే ముందు హార్బరు కనబడకుండా పోయింది, తర్వాత శ్మశానం గోడ, తర్వాత నా సైకిలు. అలల చప్పుడు తగ్గి, తగ్గి, ఆగిపోయింది. సముద్రం పక్కనే పుట్టి పెరిగినదాన్ని. అలలు లేని నిశ్శబ్దం ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. చెవుల్లో నా రక్తం నాకే వినిపించింది.

రాయికి చెమట పట్టింది.

మా పనిలో ఒక సంగతి ఉంది. ఉలి దెబ్బ పైపైన ఆగదు, రాయి లోపలికి దిగుతుంది. అక్షరాన్ని అరగదీసి అద్దంలా మెరుగు పెట్టినా, అడుగున కమిలిన చోటు కమిలినట్టే ఉంటుంది. ఎండలో కనబడదు. తడిస్తే తెల్లగా తేలుతుంది. మా నాన్న నాకు మొదట నేర్పిన పాఠం ఇదే. ఎందుకు అదే మొదట నేర్పాడో ఆ వేళ అర్థమైంది.

ఖాళీ వరుసలో తాత పేరు తేలింది. ఒక్కో అక్షరం, మెల్లగా, నీళ్లలోంచి పైకొచ్చినట్టు.

"ఇక్కడే ఉన్నావన్నమాట" అన్నాను. ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు. కళ్లు తుడుచుకుని ఉలి ఆనించి మొదటి దెబ్బ వేశాను.

టక్.

టక్... అని ఇంకోటి వినిపించింది.

ప్రతిధ్వని అనుకున్నాను. ఇంకో దెబ్బ వేశాను. మళ్లీ రెండు చప్పుళ్లు. రెండోది రాయి అవతలినుంచి. లేచి వెనక్కి వెళ్లి చూశాను. ఎవరూ లేరు. తడి ఇసుకమీద నా అడుగులు తప్ప ఏ అడుగూ లేదు. వెనక్కొచ్చి రాయికి చెవి ఆనించాను.

అవతలినుంచి కాదు.

లోపలినుంచి.

ఏదో వాసన మొదలైంది. మాడిన ఇంజనాయిల్, నానిన మోకు, వాటి కింద ఇంకేదో... ఎన్నో రోజులుగా మూసి ఉన్న గది తలుపు తీసినట్టు. లేచి పరిగెత్తమని కాళ్లు చెబుతున్నాయి. పరిగెత్తితే సాయంత్రానికి అమ్మకు ఏం చెప్పాలి? కూర్చున్నాను. దెబ్బ వేశాను. లోపలివాళ్లు ఇంకో దెబ్బ వేశారు. రాయి పెళ్లలుగా లేచింది. మామూలుగా ఒక పేరుకు పూర్తి రోజు పడుతుంది. ఆ వేళ నేను ఇవతలినుంచి తొలుస్తుంటే, లోపలినుంచి ఎవరో దారి ఇస్తున్నారు.

సగం పేరు అయ్యేసరికి గుసగుస మొదలైంది. ఒక నోరు కాదు. చాలా నోళ్లు... నీళ్లు నిండిన నోళ్లు.

"ఒకడు... ఎక్కువ..."

ఉలి ఆగింది.

"ఒకడు... ఎక్కువ..."

భయం అంతా ఒక్కసారిగా కోపమైంది. బతికినవాళ్లు గోడ బయట పెట్టారు, సరే. చచ్చినవాళ్లు కూడానా?

"మా తాత ఎక్కువయ్యాడా?" అన్నాను. "పది వేళ్లూ విరగ్గొట్టుకున్నవాడు ఎక్కువయ్యాడా? చోటు చాలకపోతే మీరే సర్దుకోండి. నేను మాత్రం ఆపను. కావాలంటే నా చెయ్యి పట్టుకుని ఆపండి, చూస్తాను."

చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. కాని నా తలకు పైన... ఎక్కడో ఎత్తులో... ఒక చప్పుడు. గర్... గర్... గర్... ఆ చప్పుడు నాకు కొత్త కాదు. రాయిని రాయితో అరగదీసే చప్పుడు. ఒకరు కాదు, ముప్పైమంది కలిసి అరగదీస్తున్నారు. జుట్టుమీద తడి పొడి రాలింది. మెడమీద, చేతులమీద. నోట్లో ఉప్పు తగిలింది. తల ఎత్తలేదు. ఎత్తితే పని ఆగుతుందని తెలుసు. పళ్లు బిగపట్టి, తాత పేరులో చివరి అక్షరం చివరి గీత దాకా చెక్కాను.

చెక్కాక ఊపిరి వదిలాను. అలల చప్పుడు తిరిగొచ్చింది. గాలి వీచింది. మంచు విడిపోయింది. అప్పుడు తలెత్తాను.

రాయికి పైన కెప్టెన్ పేరు లేదు.

ఒక పేరు తీయాలంటే దాని లోతుకు రాయంతా దించాలి, ఎంత బాగా చేసినా ఆ చోట చేతికి గుంట తగులుతుంది. స్టూలెక్కి తడిమాను. గుంట లేదు. బకెట్లో నీళ్లు తెచ్చి చల్లాను. కమిలిన మరక కూడా లేదు. అక్కడ ఎప్పుడూ ఎవరూ ఏదీ చెక్కనే లేదు.

ఆ సాయంత్రమే అమ్మను తీసుకొచ్చాను. రాతికి మూరెడు దూరంలో ముఖం పెట్టి, ఒక్కో అక్షరం పైకి చదివింది. మళ్లీ చదివింది. మూడోసారి చదివి, "మీ నాన్నకంటే నీ చెయ్యి మేలు" అంది. ఆమె ఎవరినైనా మెచ్చుకోగా నేను వినడం అదే మొదలు.

మూడు రోజులకు ప్రెసిడెంటు నా షెడ్డుకు వచ్చాడు. నాలుగు తిట్లు తిట్టి పనిలోంచి తీసేస్తాడనుకున్నాను. నేనూ నాలుగు సిద్ధం చేసుకున్నాను. ఆయన తిట్టలేదు. రాళ్లమధ్య బల్లమీద కూలబడ్డాడు. గడ్డం గీసుకోలేదు.

"నాన్న పేరు మళ్లీ చెక్కమ్మా" అన్నాడు మెల్లగా. "ఎంత చిన్నగా అయినా సరే. ఏ మూలనైనా సరే."

"ఎందుకు?"

"ఇంటికొచ్చాడు." వెనక్కి తిరిగి చూసుకున్నాడు. "కుర్చీలో కూర్చుంటున్నాడు. నీళ్లు కారుతూ... మాట్లాడడు. నేను ఎటు వెళితే అటు వస్తున్నాడు."

చేతికర్ర రెండు చేతులా పట్టుకుని మళ్లీ అన్నాడు.

"అప్పుడూ ఇంటికే వచ్చాడు."

"ఎప్పుడు?"

"ఓడ మునిగిన రాత్రి. అమ్మ ఆయన్ని అటకమీద దాచింది. వారం తర్వాత పై ఊరు పంపించేసింది. ఇరవై ఏళ్లు వేరే పేరుతో బతికాడు. నాకు ఎనిమిదేళ్లు. నాకు తెలుసు." గొంతు తగ్గించాడు. "బట్టలు విప్పేటప్పుడు చూశాను. చేతిలో ఇంకా తెడ్డు ఉంది. వదలమన్నా వదల్లేదు."

నా చేతిలో సుత్తి బరువెక్కింది. ఎనభై దాటిన ముసలివాడు కాకపోయి ఉంటే ఏం చేసేదాన్నో తెలియదు.

"ఈ మాట రేపు రాయి దగ్గర అందరి ముందూ చెప్పండి" అన్నాను. "మా అమ్మ ముందు చెప్పండి. తర్వాత చూద్దాం."

"పరువు పోతుందమ్మా."

"అయితే మీ నాన్నతోనే ఉండండి."

ఆయన లేచి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున ఫోను చేశాడు. గొంతుకు ప్రాణం లేచివచ్చింది. "పోయాడమ్మా. కుర్చీ పొడిగా ఉంది. నీ దగ్గర్నుంచి వచ్చినప్పటినుంచీ లేడు" అని చెప్పి, నేను నోరు తెరిచేలోగా పెట్టేశాడు. నా దగ్గర్నుంచి వెళ్లినప్పుడు ఒక్కడే వెళ్లాడని నాకు అప్పుడు అర్థమైంది.

షెడ్డులో గోడకు ఆనించి ఒక ఖాళీ నల్లరాయి ఉంది. కప్పు కింద, ఎండిన నేలమీద. ఆ రోజునుంచి దానికి చెమట పడుతోంది. మధ్యాహ్నం మూడు దాటాక లోపల చప్పుడు మొదలవుతుంది. టక్... టక్... పొద్దుటికల్లా రాయిమీద ఒక పేరు మొదటి అక్షరం లేచి ఉంటుంది. పెద్ద అక్షరం, స్మారకంమీద ఉన్నట్టే మిగతావాళ్లకు రెండింతలు. రోజూ పొద్దున కాఫీ కూడా తాగకముందే అరగదీసేస్తున్నాను. నాకు అలవాటే. మా నాన్న పని.

పన్నెండు రోజులైంది. నేను రోజుకు తీసేది కాగితం మందం. నిన్న కొలబద్ద పెట్టి చూస్తే, నాలుగు వేళ్ల మందం ఉన్న రాయి రెండు వేళ్లే ఉంది. వెనకవైపు చెయ్యి పోనిచ్చి తడిమాను. గనినుంచి వచ్చినప్పుడు అటువైపు గరుకుగా ఉండేది. ఇప్పుడు అద్దంలా నున్నగా ఉంది.

వంగి రాయికి నోరు దగ్గరగా పెట్టాను.

"అరగదియ్యి" అన్నాను. "బయటికి రా. మా అమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. నీ వేళ్లు చూడాలట."

లోపల చప్పుడు ఒక్క క్షణం ఆగింది. మళ్లీ మొదలైంది. ఈసారి తొందర తొందరగా.