దెల్వో గారి మూడో చెయ్యి

కుర్చీలు దగ్గరికి జరుపుకోండి. దేవుడి దయవల్ల నా గొంతు ఇంకా బాగానే ఉంది గానీ, ఇది గట్టిగా చెప్పే సంగతి కాదు.

పారిస్‌లో ఆ చలికాలం ఎవరింట చూసినా పియానోయే. ఆపెరాలో ఎవరో పాడిన పాటని ఎత్తుకొచ్చి, దానికి జలతారు కుట్టి, కింద తన పేరు వేసుకున్నవాడే మహానుభావుడు. అలాంటి ఘనుల్లో పెద్ద ఘనుడు ఒనొరే దెల్వో. సొంతంగా ఒక్క చరణం కట్టిన పాపాన పోలేదు. పొరుగింటి కోడిని కోసుకుని, రుచంతా తన చేతిదేనని మీసం తిప్పే రకం.

మా అక్క కూతురు జెలీని అతనికిస్తామని మాట అయిపోయింది, వేలికి ఉంగరం కూడా తొడిగాడు. ఈస్టర్ వెళ్లగానే పెళ్లి. నాకైతే మింగుడు పడలేదు. అంతకుముందు అతను క్లెమాన్స్‌కి ఇచ్చిందీ ఆ మాటే. క్లెమాన్స్ ఆపెరాలో పాడేది. క్షయతో గొంతు పోగానే ఆ గడప తొక్కడం మానేశాడు. చర్చిలో మేము ఆవిడ శవపేటిక చుట్టూ మోకరిల్లిన రోజున, ఈ పెద్దమనిషి ఆవిడ పాటనే పియానోకి దిద్ది అచ్చుకిస్తున్నాడు.

నేను చెప్పబోయే సాయంత్రం, మదాం రోక్‌బెర్ ఇంట్లో విందులో అదే పాట ఎత్తుకున్నాడు. జెలీ పక్కన కూర్చుని పేజీలు తిప్పుతోంది. అతని గొప్పంతా ఒక్క కిటుకు. పాటని రెండు బొటనవేళ్లతో మధ్యలో పలికిస్తూ, మిగతా వేళ్లని అటూ ఇటూ పరుగులు పెట్టించడం. వింటే మూడు చేతులున్నట్టే ఉంటుంది. జనం లేచి నిలబడి, మెడలు సాచి, ఆ మూడో చెయ్యి కోసం వెతకాలి. అదీ మర్యాద.

"కనబడిందా, కల్నల్ గారూ?" అంది మదాం, పక్కనున్న ముసలి అతిథితో.

"ఎక్కడ కనబడుతుంది, మదాం? దొంగ చెయ్యి కదా," అన్నాడాయన.

నేనూ లేచాను. కొవ్వొత్తుల మైనం వాసనలోకి ఉన్నట్టుండి కర్పూరం వాసన దూరింది... రోగి గదిలో ఉండే వాసన.

దెల్వో చేతులు రెండూ పియానో రెండు కొసల్లో ఉన్నాయి. మధ్యలో మీటలు కిందికి దిగుతున్నాయి. వాటంతటవే.

పాట ఆగింది. ఊపిరి తీసుకుంది... మళ్లీ ఎత్తుకుంది. క్లెమాన్స్ ఊపిరి తీసుకునే చోటే.

"నువ్వు ముట్టుకోకు," అన్నాడతను పళ్ల సందులోంచి.

"నా చేతులు ఒళ్లో ఉన్నాయి," అంది జెలీ.

నేను జపమాల బిగించి మేరీమాతని తలుచుకున్నాను. అతను చేతులు లాక్కున్నాడు. చంకల్లో దాచుకున్నాడు. పాట ఆగలేదు... నెమ్మదిగా, ఒక్క హంగూ లేకుండా... చివరిదాకా వెళ్లింది.

జనం ఏం చేశారంటారా? చప్పట్లు కొట్టారు. కొత్త కిటుకనుకున్నారు. పట్టుబట్టలు కట్టిన గాడిదలు! ఇంకోసారి, ఇంకోసారి అని ఒకటే గోల. దెల్వో పైకోటు కూడా తీసుకోకుండా మంచులోకి పరుగెత్తాడు. మళ్లీ మా గుమ్మం ఎక్కలేదు.

బండిలో జెలీ నా భుజానికి ఆనుకుంది. వణకడం లేదు. నాకు భయమేసిందే అందుకు.

"పిన్నీ... పియానో దగ్గర మా ఇద్దరి మధ్యా ఒకావిడ కూర్చుంది. ఉంగరం తనదట."

"నువ్వేమన్నావే?"

"తీసుకోమన్నాను."

ఆమె ఎడమచేతి గ్లవ్ పట్టుకున్నాను. బిగుతైనది. గుండీలన్నీ నేను పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఒక్కొక్కటే విప్పి లాగాను... వేలికి ఉంగరం లేదు.

జెలీని తర్వాత ఒక మంచివాడికిచ్చాం. ఇప్పుడు ఇద్దరు పిల్లలు. చేతులు వెచ్చగా ఉంటాయి. ఆ ఒక్క వేలు మాత్రం... ఇంకా వేడెక్కలేదు.