ప్రమాణ గళం

"తరువాతి గళం," అంది మరిసెల్.

గొడుగు మడుచుకుంటూ వచ్చిన ఆసామి గాజుపలక ముందు గడప మీద నిలబడి, తన పేరూ వృత్తీ ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పాడు. గళద్వారం క్షణం పాటు విని పచ్చగా వెలిగింది. మొదటి తలుపు తెరుచుకుంది. దాని వెనక ఓడ పైఅంతస్తు, మెత్తటి సీట్లు, వేడి సూపు. అతని వెనకావిడ జాతీయభాషలో చదివింది. రెండో తలుపు, చెక్కబల్లలు. ఆ తరువాతి మనిషి బజారులో మాట్లాడినట్టు భాషలన్నీ కలిపి తడబడ్డాడు. ద్వారం బొయ్యిమని మోగి ఎర్రబడింది, మూడో తలుపు అతన్ని పక్కనున్న రేకులషెడ్డులోకి తోసేసింది. షెడ్డులో వాళ్ళకు ఓడ లేదు. మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు. సముద్రం మాత్రం రోజూ కాస్త ముందుకొస్తూనే ఉంది.

అపారీ రేవులో మరిసెల్ పని పొద్దున్నే మొదలవుతుంది. నల్లమీట నొక్కి, నిర్గమన మండలి పంపిన పాఠాన్ని ఇంగ్లీషులో ఒకసారి, జాతీయభాషలో ఒకసారి చదవాలి. సముద్రం ప్రశాంతంగా ఉందనీ, దేశం ఒక్కటిగా ఉందనీ అందులో ఉంటుంది. ఆమె ఏది పలికితే ఆ రోజుకు అదే ప్రమాణం. వచ్చిన ప్రతి గొంతునూ ద్వారం ఆమె గొంతుతోనే తూస్తుంది. మధ్యలో వానహోరు పెరిగితే మీట నొక్కి మళ్ళీ చదవచ్చు, పాతది చెరిగిపోతుంది. ఈ గొంతు ఆమెకు ఊరికే రాలేదు. శిక్షణశాలలో ఇంటిభాష ఇలోకానో ముక్క ఒక్కటి నోరుజారితే చాలు, మెడకు కట్టిన కరెంటుపట్టీ చురుక్కుమనేది. మెడ కాల్చుకుని సంపాదించుకున్న గొంతు.

"తరువాతి గళం."

కూతుర్ని భుజాన వేసుకుని ఎఫ్రెన్ అనే పొగాకు రైతు వచ్చాడు. బట్టలకు ఇంకా ఒండ్రు వాసన. పిల్లకు నాలుగేళ్ళుంటాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ దేన్నీ చూడటం లేదు. ద్వారం మొదట పిల్లను విన్నది. చప్పుడు లేదు. మౌనం నిర్దోషం కాబట్టి పచ్చదీపం వెలిగించింది. తరువాత తండ్రి జాతీయభాషలో కుంటుకుంటూ తన పేరు చెప్పాడు. దీపం పసుపుపచ్చగా కాసేపు సణిగి, చివరికి పచ్చబడింది.

"వెళ్ళండి," అంది మరిసెల్.

అతను వెళ్ళలేదు. గడప మీదే వెనక్కి తిరిగి, సముద్రం వైపు మొహం పెట్టి, "జోవెలిన్! ఇంతయోన్! ఉమాయ్‌కన్!" అని కేకేశాడు.

ద్వారం బొయ్యిమంది. రెండో తలుపు సగంలో ఆగిపోయింది.

"బుద్ధుందా నీకు?" వరసలోంచి ఎవరో అరిచారు. "నీ మూలంగా మేమంతా మునిగి చావాలా?"

ఎఫ్రెన్ గడప దిగి మరిసెల్ కిటికీ దగ్గరకొచ్చాడు. "అల దీన్ని లాక్కుపోబోయింది మనాంగ్," అన్నాడు. మనాంగ్ అంటే అక్క. ఆ మాట విని ఎన్నేళ్ళయిందో. "ఎలాగో పట్టుకున్నా. అప్పట్నించీ మాట లేదు, మెతుకు ముట్టదు. జడుసుకుంది. దీని ప్రాణం ఆ ఒడ్డునే ఉండిపోయింది. బయల్దేరేప్పుడు జోవెలిన్ అని పేరుపెట్టి పిలవకపోతే వెంట రాదు. నీకు తెలీదా? నువ్వూ ఈ వైపుదానివే, నీ మొహమే చెబుతోంది."

తెలియకేం! ఏ చోటు వదిలినా వెనక్కి తిరిగి, ఇంతయోన్, ఉమాయ్‌కన్, అంటే పద, వచ్చెయ్, ఇక్కడే ఉండిపోకు అని తనవాళ్ళను పిలుచుకోవడం ఈ జనానికి అలవాటు. మరిసెల్ తల్లి ఏటి నుంచి ఇంటికొచ్చేప్పుడు కూడా పిలిచేది.

"బయటికెళ్ళి పిలుచుకోండి."

"బయటికెళ్తే వరస చివరికి పొమ్మంటారుగా! అప్పటికి ఓడుంటుందా?"

"అయితే ఓడెక్కాక పిలవండి."

"ఎక్కాక ఏంటి పిలిచేది? నేల వదిలేముందే పిలవాలి, ఈ గడప మీదే!" అతని గొంతు లేచింది. "జీతం కోసం నాలుక కోయించుకున్నావు సరే. చెవులు కూడా కోయించుకున్నావా?"

మరిసెల్‌కు ఒళ్ళు మండింది. అది నిజమైనందుకు మరీ మండింది.

గోల విని పర్యవేక్షకురాలు లుజ్విమిందా వచ్చింది. దేశంలోని మూడు ద్వీపసమూహాల పేర్లూ కలిపి వాళ్ళ నాన్న పెట్టిన పేరది. అందుకేనేమో, దేశమంతా తన నోట్లోనే ఉందనుకుంటుంది.

"ఏంటీ డ్రామా? ఇంకొక్కసారి ఎర్రదీపం వెలిగిందా, మనిషి షెడ్డుకి. పిల్ల పాసైంది కదా, పిల్ల ఓడకి."

"నాలుగేళ్ళ పిల్ల, ఒక్కతేనా మేడమ్?"

"రూల్ ఈజ్ రూల్, మరిసెల్. ఈ పల్లెటూరి గోల వినలేకేగా ద్వారం పెట్టింది!" అంటూ ఆమె పిల్ల కోసం చేతులు చాచింది.

ఎఫ్రెన్ పిల్లను గుండెకు అదుముకుని మళ్ళీ గడప ఎక్కాడు. పిల్ల తల వాలిపోతోంది. అతను పిలవబోతున్నాడని మరిసెల్‌కు అర్థమైపోయింది. పిలిస్తే పిల్ల చేజారుతుంది. పిలవకపోతే చేతిలో ఉన్నా లేనట్టే.

శిక్షణశాలకు తనను తీసుకెళ్ళిన మండలి బండి ఇంటిముందు నిలిచీ నిలవకుండానే కదిలింది. తల్లికి పిలిచే వ్యవధి దొరకలేదు. తనలో కొంత ఆ గుమ్మంలోనే ఆగిపోయిందని మరిసెల్‌కు అప్పుడప్పుడూ అనిపించేది, ఏం పిచ్చి అని నవ్వుకునేది. ఇప్పుడు నవ్వు రాలేదు. ఏడుపొచ్చింది.

నల్లమీట నొక్కింది.

"ఏం చేస్తున్నావ్?"

"వాన పెరిగింది మేడమ్. ప్రమాణం మళ్ళీ చదవాలి."

మైకు మీదికి వంగింది. మెడ మీద పాత మచ్చ చురుక్కుమన్నట్టే అయింది. అయినా పలికింది.

"జోవెలిన్. ఇంతయోన్. ఉమాయ్‌కన్, దిక అగ్‌బాత్‌బాతి."

ఆ పిలుపు రేవులోని స్పీకర్లన్నిట్లోంచీ ఒడ్డు దాకా పోయింది. ఆమె అక్కడితో ఆపలేదు. తన తల్లి వండే మునగాకు పులుసు గురించి, ఏటి గురించి, ఎండకు వేలాడదీసిన పొగాకు గురించి, నోటికొచ్చిందల్లా ఇలోకానోలో చెబుతూ పోయింది. ద్వారం తికమకగా మినుకుమంది.

"ప్రమాణం నమోదైంది," అంది ద్వారం.

ఎఫ్రెన్ గుండెలనిండా గాలి పీల్చి కూతుర్ని పిలిచాడు. పచ్చదీపం! పిల్ల మెల్లగా తల తిప్పి, తండ్రి చొక్కా గుప్పెట్లో పట్టుకుంది. షెడ్డులోంచి ఎవరో ముసలావిడ తలుపు దాకా వచ్చి తన మనవణ్ణి అవే మాటలతో కేకేసింది. పచ్చ. ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. తలుపులు తెరుచుకుంటూనే ఉన్నాయి.

"స్టాపిట్! క్లోజ్ ద గేట్!" లుజ్విమిందా గడప మీదికి ఉరికి అరిచింది.

ద్వారం బొయ్యిమని ఎర్రబడింది. మూడో తలుపు ఆమెను మర్యాదగా షెడ్డులోకి తోసేసింది.

ఓడ మెట్ల మీద ఎఫ్రెన్ ఆగి, వెనక్కి తిరిగాడు. పర్యవేక్షకురాలి నోట విన్న పేరు గుర్తున్నట్టుంది.

"మనాంగ్ మరిసెల్! ఇంతయోన్!"

ఆమె కుర్చీలోంచి లేచింది. "వస్తున్నా," అంది, తల్లితో మాట్లాడే భాషలో.

ద్వారం విని, పచ్చగా వెలిగింది.